దొంగ మెచ్చిన బండి

నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఫ్లో పోతుంది. రెండు రోజులుగా మన స్టాఫ్ రూములో ఎవరికి తోచిన వెర్షన్ వాళ్లు చెప్పుకుంటున్నారని నాకూ తెలిసింది. ఒకరు బండి తగలబడిందన్నారట. ఇంకొకరు నన్ను పోలీసులు పట్టుకెళ్లారన్నారట. అంత అదృష్టం కూడానా! పోలీసులైతే కనీసం జీపులో కూర్చోబెట్టేవారు. అసలు జరిగింది ఇదీ: మొన్న బుధవారం మా ఆవిడ గవర్నమెంటు టీచరుగా చేరడానికి చేపల బుట్టల మధ్య కూర్చుని వెళ్లింది. నేను బండి తోసుకుంటూ వెనకాల నడిచాను. కారణం ఒక్కటే, తెలుగు లెక్చరర్‌కి తెలుగు రాకపోవడం.

ఆ టీ ఇలా ఇవ్వండి, చెప్తాను.

మా అరుణ సంగతి మీకు తెలుసు కదా. పాప పుట్టిన ఏడాది డీఎస్సీకి చదవడం మొదలుపెట్టింది. పాప నడిచింది, మాట్లాడింది, బడికి వెళ్లింది, రెండో తరగతికి వచ్చింది. ఆవిడ చదువుతూనే ఉంది. ఏడేళ్లు! వంటింట్లో పోపులడబ్బా పక్కన కూడా ఒక మెథడాలజీ పుస్తకం ఉండేది. మొత్తానికి ఈసారి ఉద్యోగం వచ్చింది. పోస్టింగు కళింగపట్నం ఇవతల ఒక ఊళ్లో. శ్రీకాకుళంలో మా ఇంటి నుంచి బస్సులో గంటంపావు.

ఆ స్కూలు హెడ్మాస్టరుగారు ముందే ఫోన్ చేసి చెప్పారు. "అమ్మా, బుధవారం పదిన్నరకి నాను మండలం మీటింగుకి ఎల్లిపోతాను. అంతలోగా వచ్చీసినారంటే ఫోర్‌నూన్లో జాయినింగ్ వేసేద్దుము. లేదంటే మరి మర్నాటికే. ఒక్క రోజు ఎనకబడితే సీనియారిటీలో ఎంతమంది ముందుకెళ్లిపోతారో మీకు తెలీందేటుంది."

ఆ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి అరుణకి అన్నం సయించలేదు. "ఎనిమిదింటి బస్సుకి ఎల్లిపోదుమండీ. తొమ్మిదింపావుకల్లా స్కూలుకాడ దించేస్తాది," అంది.

బస్సా! ఏడేళ్లు చదివిన నా భార్య మొదటి రోజు డ్యూటీకి కమ్మీ పట్టుకుని వేలాడుతూ వెళ్లడమా! నాలో మొగుడు నిద్ర లేచాడు. నా పాత స్కూటరు చూస్తే చిలకపాలెం దాటేసరికే ఆయాసపడుతుంది. దానిమీద ఇద్దరం అంత దూరం వెళ్లలేం. "మంచి మోటారు సైకిల్ కొంటాను. స్కూలు గేటు ముందు దింపుతాను. అందరూ చూడాలి," అన్నాను.

అందరూ చూశారు లెండి.

"మీకు బండ్ల గురించి ఏటి తెలుసు?" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. బండి గురించి మగాడికి తెలియాల్సిందేమిటి? రంగు బావుండాలి, హ్యాండిల్ తిన్నగా ఉండాలి, హారన్ గట్టిగా ఉండాలి. ఈ మూడూ నాకు బాగా తెలుసు.

ఆదివారం రణస్థలం వెళ్లాను. అక్కడ హైవే పక్కన రేకుల షెడ్డులో సింహాచలం అని ఒకాయన పాత బండ్లు అమ్ముతాడు. అరవై ఏళ్ల మనిషి, భుజం మీద నూనె గుడ్డ. అబద్ధం చెప్పడని ఊళ్లో అందరూ అన్నారు. ఇప్పుడు నేనూ అదే అంటాను. నాతో ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడలేదు. నా ఏడుపంతా అదే.

షెడ్డులో ఒక మూల ఎర్ర బండి కనబడింది. తళతళలాడిపోతోంది. ట్యాంకు మీద తాబేలు బొమ్మ, కూర్మనాథస్వామిది. మోటారు సైకిల్ మీద తాబేలు ఏమిటని మీకు రావచ్చు అనుమానం. నాకు రాలేదు. భక్తుడి బండి అనుకున్నాను. ధర అడిగితే మార్కెట్లో ఉన్నదానిలో సగం చెప్పాడు. నేను మరీ అంత అమాయకుణ్ని కాదు కదా, "ఇంత తక్కువేంటి? ఏదో ఉంది," అన్నాను.

సింహాచలం గుడ్డతో చేతులు తుడుచుకుని నిదానంగా చెప్పాడు. "దాచీదేటుంది బాబూ, ఉన్నమాట సెప్పీస్తాను. ఈ బండి ఓపాలి పోనాది. ఇన్సూరెన్సోలు డబ్బులిచ్చీసినారు. తరవాత నా సేతికొచ్చినాది. అందుకే ఈ ధర."

నాకు చటుక్కున అర్థమైపోయింది. తెలివైనవాళ్లకి ఇదే రోగం, అన్నీ చటుక్కున అర్థమైపోతాయి. బండి పోయింది. అంటే ఎవడో ఎత్తుకుపోయాడు. ఇన్సూరెన్సువాళ్లు ఓనరుకి డబ్బు ఇచ్చేశారు. ఆ తర్వాత బండి దొరికింది. డబ్బు ఇచ్చేశారు కాబట్టి బండి వాళ్లది, వాళ్లు దీన్ని అమ్ముకున్నారు. బండిలో లోపం ఏముంది? ఏమీ లేదు! పాపం, ఎవడో ఎత్తుకెళ్లాడంతే.

అయినా నేను లెక్చరర్ని. నాలుగు ప్రశ్నలు వేయకుండా కొంటానా?

"ఎక్కడ పోయింది?"

"కళింగపట్నంకాడ బాబూ. రేవు దగ్గిర పెట్టుకున్నాడు ఆ ఓనరు."

"ఎప్పుడు తెలిసింది?"

"రాత్రి బాగానే ఉన్నాది. తెల్లారి లెగిసి సూసేసరికి పోనాది."

"అయ్యో! మరి దొరికిందెక్కడ?"

"అక్కడే బాబూ, ఇసకలో. మూడ్రోజులు పట్టినాది."

"ఎవరి పని అంటావు?"

"ఎవుల్నంటాం? అంతా మన కర్మ."

చూశారా! ఒక్కో ప్రశ్నకి సమాధానం ఎంత సూటిగా వచ్చిందో! పోలీసు కేసేమైనా ఉందా అని కూడా అడిగాను. "దీనికి కేసేటి బాబూ! ఇన్సూరెన్సోలు వచ్చినారు, బండికి నాలుగేపులా ఫోటోలు తీసుకున్నారు, ఇది పోనాదని రాసీసినారు," అన్నాడు. ఎత్తుకుపోయిన బండికి నాలుగువైపులా ఫోటోలెలా తీస్తారని నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు మీరు నవ్వుతుంటే తడుతోంది.

ఒక కాగితం కూడా చూపించాడు. ఇంగ్లీషులో ఏదో పేజీడు ఉంది. మధ్యలో 'టోటల్ లాస్' అని పెద్ద అక్షరాలు. లాస్ అంటే పోవడం, టోటల్ అంటే మొత్తం. మొత్తం బండే ఎత్తుకుపోయాడు కదా, మరి చక్రం ఒక్కటే ఎత్తుకుపోతే హాఫ్ లాస్ అని రాస్తారు కాబోలు అనుకున్నాను. రెండు భాషల్లోనూ నాకు సర్దిచెప్పుకునే శక్తి ఉందని ఆరోజే తెలిసింది.

సంతకాలు పెట్టేటప్పుడు సింహాచలం ఇంకోమాట అన్నాడు. "బాబూ, నాను ఇంజను మొత్తం ఇప్పి కడిగినాను. వైరింగు సగం మార్చినాను. బజారుకి, గుడికి తిప్పుకోండి, పర్లేదు. దూరాబారాలు మాత్రం ఎల్లకండి. నీటికి కూడా దూరంగా ఉంచండి. ఓపాలి తగిలినాది కదా, పడదు దానికి."

పెద్దాయన, బండిని కన్నబిడ్డలా చూసుకుంటున్నాడు అనుకున్నాను. దండం పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి అరుణకి ముందు చెప్పింది ఇదే: "దొంగ మెచ్చిన బండి! రేవులో పాతిక బండ్లు ఉంటాయి. వాడు దీన్నే ఎందుకు ఎత్తుకెళ్లాడు? వాళ్లకి తెలుస్తుంది ఏది మంచిదో!" సోమవారం మీ అందరికీ కూడా ఇదే డైలాగు చెప్పాను. ఫిజిక్సు మేస్టారు లేచి నాకు షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చారు. మేస్టారూ, అటు తిరిగి నవ్వకండి, ఇటు తిరిగే నవ్వండి.

అరుణ బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. సీటు ఎత్తింది. కింద ఇసక.

"ఇసకేటండీ?"

"దొంగ బీచ్‌లో దాచాడు."

హెడ్‌లైటు దగ్గరికి వంగి చూసింది. అద్దం లోపల సగానికి ఒక గీత. గీత కింద మసక, పైన తెలుపు.

"ఇదేటి?"

"డిజైను."

ముక్కు దగ్గరగా పెట్టింది. "నీసుకంపు వస్తన్నాదేటి?"

"రేవులో ఉండేది కదా. మన వంటింట్లో సాంబారు వాసన రాదూ?"

ఎడమ ఇండికేటర్ వేసింది. హారన్ మోగింది. బ్రేకు నొక్కింది. రెండు ఇండికేటర్లూ వెలిగాయి. బండి స్టాండు మీద ఉంది, స్పీడ్ ముల్లు మాత్రం నలభై దగ్గర నిలబడింది. అరుణ నా మొహం వంక చూసింది. "దొంగ దీన్ని ఎత్తుకుపోనాడా, సముద్రంలో ముంచి కడిగినాడా?" అంది.

ఆడవాళ్లకి దేవుడు ఆ బుర్ర ఎక్కడ పెడతాడో నాకు తెలీదు. అక్షరం తప్పు లేకుండా చెప్పేసింది! "నీకు అన్నిటికీ అనుమానమే," అని కసురుకున్నాను. "ఇండికేటర్‌తోపాటు హారన్ మోగితే ఇంకా సేఫ్టీ," అని కూడా అన్నాను. అన్నాను, ఒప్పుకుంటున్నాను.

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరాం. మా అత్తగారు బండికి నిమ్మకాయ తొక్కించింది. అరుణ కొత్త చీర కట్టుకుంది, ఆకుపచ్చది. సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుంది. టిఫిన్ క్యారేజీ సైడు బాక్సులో పెట్టాం. ఏడురోడ్ల కూడలి దాకా బండి వెన్నమీద జారినట్టు నడిచింది. నేను కొంచెం గర్వంగానే కూర్చున్నాను. అక్కడ ఎడమ ఇండికేటర్ వేశాను. పీపీపీమని హారన్. ట్రాఫిక్ పోలీసు అదిరిపడి పక్కకి జరిగాడు. "అటు సూడకండి, పోనివ్వండి," అని వెనకనించి అరుణ నా వీపు మీద పొడిచింది.

శ్రీకూర్మం వెళ్లేసరికి హారన్‌కి ఇండికేటర్‌తో అవసరం తీరిపోయింది. దానంతట అదే మోగుతోంది. గుడికి నడిచి వెళ్తున్న ముసలాయన ఒకాయన పక్కకి తప్పుకున్నాడు, ఇంకా తప్పుకున్నాడు, చివరికి పొలంలోకి దిగిపోయి మమ్మల్ని తిట్టాడు. నేను వెనక్కి తిరిగి దండం పెట్టాను. ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోయామో లేదో, ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది. ఆగిపోయింది. హారన్ మాత్రం ఆగలేదు.

దిగాను. కిక్ కొట్టాను. కొట్టాను, కొట్టాను. సెల్ఫ్ నొక్కితే వెనక లైటు వెలిగింది. ప్లగ్గు తీశాను. ఎందుకు తీశానో తెలీదు, అందరూ తీస్తారు కదా అని తీశాను. చేతులు నల్లగా అయ్యాయి. ఆ చేతులతో మొహం తుడుచుకున్నాను. ఆ తర్వాత చొక్కాకి తుడుచుకున్నాను.

తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా వెనకనించి బస్సు వచ్చింది. అదే, ఎనిమిదింటి బస్సు! నిలబడి ఉన్న మమ్మల్ని చూసి డ్రైవరు స్లో చేశాడు. కండక్టరు తలుపులోంచి వంగి, "ఏటి బాబూ, పాడైపోనాదా? వస్తారా?" అని అడిగాడు.

అరుణ ఒక కాలు ముందుకి వేసింది.

నేనేమన్నానో తెలుసా? "అక్కర్లేదండీ, రెండు నిమిషాల్లో స్టార్టయిపోతుంది, మీరు వెళ్లిపోండి," అన్నాను. పదిమంది కిటికీల్లోంచి చూస్తున్నారు మరి! పరువు! బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు పదకొండింటికి.

తొమ్మిదీ ఐదు. తొమ్మిదీ పది. తొమ్మిదింపావు. అరుణ ఫైలు గుండెలకి హత్తుకుని రోడ్డు మీద నిలబడింది. హారన్ మోగుతోంది. నేను రెండు వైర్లు పీకాను, కుడి ఇండికేటర్ వెలిగింది. హారన్ ఇంకా మోగుతోంది. చివరికి ఆవిడ అంది, గట్టిగా కూడా కాదు. "ఏడేళ్లు సదివినానండీ. ఒక్క బస్సు ఎక్కనివ్వలేదు మీరు."

కళ్లనిండా నీళ్లు. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఫైలు పట్టుకుంది. నిజం చెప్తున్నాను, ఇంతసేపూ నవ్వుతూ చెప్పాను గానీ అప్పుడు నాకు రోడ్డు పక్కనున్న కాలవలోకి దూకేద్దామనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టినా బావుణ్ను. తిట్టలేదు. ఫోన్ తీసి హెడ్మాస్టరుగారికి చేసింది. సిగ్నల్ లేదు.

అప్పుడొచ్చింది ఆటో. శ్రీకాకుళంలో పొద్దున్నే చేపలు అమ్మేసి, ఖాళీ బుట్టలతో కళింగపట్నం తిరిగి వెళ్తున్న ఆటో. వాసన ముందొచ్చింది, ఆటో తర్వాత వచ్చింది. వెనక బుట్టల మధ్య ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు నూకాలమ్మ అని తర్వాత తెలిసింది. ఆటో ఆపించింది. అరుణని అడగలేదు, నన్నూ అడగలేదు. బండి ట్యాంకు మీద తాబేలు వంక చూసి గట్టిగా అరిచింది.

"ఓలమ్మా! ఇది మా సూరయ్య బండి కాదేటి!"

నేను వెలిగిపోయాను. సాక్షి దొరికింది! "అవునమ్మా, అదే! పోయింది కదా అప్పుడు, మళ్లీ దొరికింది," అన్నాను.

"పోనాది బాబూ, పోనాది. తుపాను నాడు రేవుకాడ మునిగిపోనాది. మూడ్రోజులు నీటిలోనే ఉన్నాది. మావోలంతా కలిసి తాళ్లేసి లాగినారు. సైలెన్సర్లోంచి పీత బయటికొచ్చినాది! ఇన్సూరెన్సోడు సూసి, ఇది సచ్చిపోనాది, బాగు సేసినా బతకదు అనీసి డబ్బులిచ్చీసినాడు. మా సూరయ్య ఏడిసినాడు పాపం. దీన్ని మీకెవులు అంటగట్టినారు బాబూ?"

ఎడమ ఇండికేటర్ వెలిగింది, నేను ముట్టుకోలేదు.

అరుణ నావైపు తిరిగి, "దొంగ మెచ్చిన బండి," అంది. అంతే అంది.

నూకాలమ్మ ఆవిడ వంక చూసింది. ఫైలు, కొత్త చీర, కళ్లు. "ఎక్కడికి తల్లీ?" అని అడిగింది. స్కూలు పేరు చెప్పగానే బుట్టలు అటూ ఇటూ తోసి చోటు చేసింది. "ఎక్కీ తల్లీ, బేగి ఎక్కీ. మా మనవరాలు ఆ బడిలోనే సదవతన్నాది. కొత్త పంతులమ్మని నానే దించుతాను." అరుణ ఎక్కేసింది. బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడకూడదని నేననుకున్న నా భార్య, ఇప్పుడు రెండు చేపల బుట్టల మధ్య, ఆకుపచ్చ చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని కూర్చుంది. నేను చెయ్యి ఊపాను. ఎవరూ తిరిగి ఊపలేదు.

నేను, బండి, హారన్ మిగిలాం.

సింహాచలానికి ఫోన్ చేశాను. ఆ కాలవగట్టు ఎక్కితే సిగ్నల్ దొరికింది. నోటికొచ్చినట్టు అరిచాను. నీటిలో మునిగి చచ్చిన బండి నాకు అమ్ముతావా, మోసం, దగా, అన్నీ అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బాబూ, నాను ముందే సెప్పినాను కదా. పోనాది అన్నానా, లేదా?"

"పోయిందంటే దొంగలెత్తుకుపోయారనుకున్నానయ్యా!"

ఆయన నిజంగా అర్థంకాక అడిగాడు. "అదేటి బాబూ! మనిషి పోనాడంటే ఎవులో ఎత్తుకుపోనారనుకుంటారేటి?"

అయ్యా, నేను పద్నాలుగేళ్లుగా పిల్లలకి నానార్థాలు చెప్తున్నాను. ఒకే మాటకి నాలుగు అర్థాలు, సందర్భం చూసుకోవాలి అని బోర్డు మీద రాసి, అండర్‌లైన్ చేసి, రాయనివాళ్లకి మార్కులు కొట్టేసి! ఆ రోజు నాకు వచ్చిన మార్కు ఎంతో మీరే వేసుకోండి.

"సరే, ఇప్పుడేం చేయను?" అన్నాను.

"తెచ్చీండి బాబూ, మళ్లీ ఇప్పుతాను. రోడ్డుమీద మాత్రం ఒగ్గీసి ఎల్లకండి, పోతాది."

"ఈసారి ఏ అర్థంలో?" అని అడిగాను. ఫోన్ కట్టయింది.

అప్పుడు చూశాను, సైడు బాక్సులో అరుణ క్యారేజీ ఉండిపోయింది. పొద్దున్న టెన్షన్‌లో ఆవిడ ఇడ్లీ కూడా తినలేదు. పదిన్నరకి హెడ్మాస్టరు వెళ్లిపోతాడు, సంతకం అయిందో లేదో తెలీదు, ఫోన్ కలవదు. ఇంటికి వెనక్కి వెళ్లడానికి మొహం లేదు. స్కూలు ఏడెనిమిది కిలోమీటర్లు. తోయడం మొదలుపెట్టాను.

తాబేలు బొమ్మ ఎందుకుందో మొదటి కిలోమీటరులోనే తెలిసింది.

ఎండ మొదలైంది. చొక్కా నల్లగా ఉంది, మొహం ఇంకా నల్లగా ఉంది. నెత్తికి తువ్వాలు చుట్టుకున్నాను. పీకిన వైర్లు పక్కనించి వేలాడుతున్నాయి. అరిచి అరిచి అలిసిన హారన్, ఇప్పుడు బండి గతుకులో పడినప్పుడల్లా ఒకసారి పీ... అంటోంది. మొదటి ఊళ్లోకి ప్రవేశించాను. పీ... పీ... ఒక ఇంట్లోంచి ఒక ముసలమ్మ బయటికొచ్చింది. చేతిలో అడుగు ఊడిపోయిన ఇనప బకెట్టు.

"ఓ బాబూ! ఇనుముకి ఏటిస్తన్నావు?"

నేను ఆగి చూశాను, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ లేరు.

"అమ్మా, నేను ఇనుము కొనేవాణ్ని కాదు. కాలేజీ లెక్చరర్ని," అన్నాను.

"ఏటోటి నాయినా, ఎవులి పని ఆలది. కిలోకి ఎంతిస్తావు సెప్పు," అంది. బకెట్టు సీటు మీద పెట్టేసింది. ఆవిడకి బకెట్టు తిరిగి ఇవ్వడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో పక్కింటివాళ్లు వంగిపోయిన సైకిలు రిమ్మూ, ఎదురింటివాళ్లు పాత ఫ్యాను రెక్కలూ తెచ్చేశారు. వద్దన్నకొద్దీ నేను బేరం చేస్తున్నాననుకున్నారు. "ఇంతకుముందు వచ్చినోడు ఇంకా నయం," అని ఒకాయన కోప్పడి వెళ్లిపోయాడు కూడా. నేను తలొంచుకుని తోశాను. పీ...

రెండో ఊళ్లో ముందే జాగ్రత్తపడి నోటితో "కాదు, కాదు" అనుకుంటూ నడిచాను. "ఏటి కాదు?" అని అడిగారు.

స్కూలు గేటు దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. పిల్లలు మధ్యాహ్న భోజనానికి పళ్లేలు పట్టుకుని వరసలో ఉన్నారు. హారన్ విని అందరూ నావైపు తిరిగారు. నేను కోరుకున్నట్టే, గేటు ముందు, అందరూ చూశారు. గేటు దగ్గర వంటావిడ నన్ను ఆపేసింది.

"ఏటి కావాలి?"

"అరుణ టీచరుగారు... ఇవాళే చేరారు... చేరారా?" అని అడిగాను.

ఆవిడ జవాబు చెప్పలేదు. నన్నూ, బండినీ, వేలాడుతున్న వైర్లనీ చూసి, లోపలికి కేకేసింది. "టీచరమ్మా! ఇనుమోడు మీ గురించి అడగతన్నాడు!"

అరుణ వరండాలోకి వచ్చింది. ముందు నేను చూసింది ఆవిడ చెయ్యి. వేళ్లకి సుద్దముక్క పొడి. అబ్బ! బండికి అప్పుడు స్టాండు వేశాను. గేటు దాకా వచ్చి, క్యారేజీ అందుకుంటూ, నాకు మాత్రమే వినబడేలా అంది. "పదికి పది నిముషాలుందనగా సంతకం అయిపోనాది. ఫోర్‌నూనే. నూకాలమ్మ లోపలిదాకా వచ్చి, పంతులమ్మని తెచ్చినానని హెడ్మాస్టరుగారికి అప్పసెప్పి మరీ ఎల్లినాది."

కొంచెం నవ్వింది కూడా! అయిపోయింది, క్షమించేసింది అనుకున్నాను. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ వెనక్కి తిరిగి నడుస్తోంది. నేను నల్ల మొహంతో కళ్లు తుడుచుకుంటున్నాను.

వంటావిడ మళ్లీ కేకేసింది. "టీచరమ్మా, మరి ఇతనికేటి సెప్పమంటారు? ఇచ్చీదేటైనా ఉన్నాదా?"

అరుణ మెట్లమీద ఆగింది. పళ్లేలు పట్టుకున్న పిల్లలందరూ వింటున్నారు. వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"ఇవాళ కాదని సెప్పమ్మా. పదేళ్లబట్టి మా ఇంట్లో ఓ పాత సామాను అడ్డంగా ఉన్నాది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లిపొమ్మను."

నేను సరే సరే అని తలూపి వచ్చేశాను. బండి సంగతే అనుకున్నాను, వదిలిపోతుందిలే అని సంతోషించాను కూడా. ఇంటికొచ్చి స్నానం చేశాక నిదానంగా లెక్క చూసుకున్నాను. బండి కొని అప్పటికి నాలుగో రోజు. మాకు పెళ్లయి పదేళ్లు.

ఇవాళ శుక్రవారం. ఆదివారం మీలో ఎవరింట్లోనైనా ఒక గది ఖాళీగా ఉంటే చెప్పండి.